చూపు పోయిన పిదప మిల్టను

పై తరగతులలో ఆంగ్లము చదువు మా విద్యార్థులకు జాన్ మిల్టను నామము క్రొత్తది గాదు. ఆతడు మహాకవి యనియు, అంధుడనియు, "పారడైజ్ లాస్ట్" అను మహాకావ్యమును రచించెననియు వారెరుగుదురు. పరీక్షకు అంతమాత్రము చాలును. కాని ఆతడు పుట్టుగ్రుడ్డి కాడనియు, నలువది మూడేండ్ల ప్రాయమున, చేయదలచిన పని యింకను మొదలిడకయే చూపు గోల్పోయెననియు, ఆ పిమ్మట ఇరువది రెండేండ్లు చీకటిలో బ్రతికెననియు పెక్కురు తలపోయరు. ఈ సంచిక మా విద్యార్థుల యిండ్లకు బోవును. వారి తల్లిదండ్రులలో జనగామ ప్రాంతమున మగ్గము నేయువారు గలరు, మహబూబాబాదు చేలలో మిరప పండించువారు గలరు, భూపాలపల్లి బొగ్గుగనులలో దిగువారు గలరు. కన్ను గాని, చేయి గాని, నడుము గాని పనికి రాకుండ పోయిన నాడు మనుష్యుడేమి కావలెనను ప్రశ్న వారికి పుస్తకములలోని ప్రశ్న గాదు. అందువలన ఈ యేడు మేము మిల్టను జీవితమును చెప్పదలచితిమి.

మిల్టను 1608వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన లండను నగరమున బ్రెడ్ స్ట్రీటు అను వీధిలో జన్మించెను. తండ్రి దస్తావేజులు వ్రాయుటయు వడ్డీవ్యాపారమును వృత్తిగా గలవాడు. సంగీతమునందు నిపుణుడు, పాటలకు స్వరములు గూర్చినవాడు. ఈ తండ్రి యౌవనమున ఆంగ్ల బైబిలు చదువుచు రోమను కథోలిక మతము విడిచినందున పితామహుడు ఆతనిని ఇల్లు వెడలగొట్టి ఆస్తి లేకుండ జేసెనట. కావున ఆ ఇంట దైవగ్రంథము ఊరక గూటిలో నుంచిన పుస్తకము గాదు. దానికొరకు నష్టమోర్చిన ఇల్లది.

బాలుడు చదువునందు మిక్కిలి ఆసక్తి గలవాడు. పండ్రెండవ యేటనుండి అర్ధరాత్రమునకు ముందు పుస్తకము మూసి పండుకొనుట అరుదు. తల్లి కన్నులు బలహీనమైనవి. తన నేత్రములకు హాని కలుగుటకు ఆ రాత్రి చదువులే మొదటి కారణమని మిల్టను తరువాత తానే వ్రాసికొనెను. సెయింటు పాల్సు పాఠశాలలోను, 1625 మొదలు కేంబ్రిడ్జిలోని క్రైస్ట్సు కళాశాలలోను చదివి 1632లో ఎం.ఏ. పట్టము పొందెను. తరువాత ఆరేండ్లు ఏ ఉద్యోగమును చేయక తండ్రి యింటనే యుండి గ్రీకు లాటిను గ్రంథములన్నియు చదివెను. పట్టభద్రుడైన కుమారుని ఆరేండ్లు కూర్చుండబెట్టి పోషించిన తండ్రులు ఏ దేశమందైనను తక్కువ. తనయందు దేవుడొక గొప్ప కావ్యము వ్రాయు శక్తి నుంచెనని కుమారుడు నమ్మెను, తండ్రియు నమ్మెను.

1638లో మిల్టను ఇటలీ దేశయాత్ర చేసెను. ఫ్లారెన్సు నగరమున నుండగా గెలీలియోను దర్శించెను. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదని వాదించిన నేరమునకు మతవిచారణాధికారులు ఆ వృద్ధుని గృహనిర్బంధమున నుంచియుండిరి. అంతకంటె విచారకరమైన విషయ మొకటి గలదు. దూరదర్శినితో చంద్రునిపై కొండలను, బృహస్పతికి ఉపగ్రహములను మొదట చూచిన ఆ కన్నులు ఆ కాలముననే పూర్తిగా చీకటి గ్రమ్మినవి. ముప్పది యేండ్ల యువకుడు, చూపు చక్కగా నున్నవాడు, అంధుడైన వృద్ధునియెదుట నిలిచెను. మిల్టను ఈ సమావేశమును గూర్చి ముక్తసరిగా మాత్రమే వ్రాసెను. కాని దూరదర్శినియు, దానితో చంద్రుని జూచిన ఆ శాస్త్రజ్ఞుడును అనేక సంవత్సరముల పిదప ఆతని కావ్యములో ప్రత్యక్షమగుదురు.

స్వదేశమున రాజునకును పార్లమెంటునకును కలహము ముదురుచున్నదని విని 1639లో మరలి వచ్చెను. మేనల్లుండ్రకు చదువు చెప్పెను. 1642లో మేరీ పవెల్ అను పదునేడేండ్ల బాలికను వివాహమాడెను. ఆమె నెల దినములకే పుట్టినింటికి బోయి మూడేండ్లు రాలేదు. ఆ కాలమున మిల్టను వ్రాసిన విడాకుల కరపత్రములు పెద్ద గగ్గోలు పుట్టించెను. 1644లో అచ్చు స్వాతంత్ర్యమును గూర్చి వ్రాసిన "అరియోపజిటికా" నేటికిని చదువదగినది. 1649 జనవరి 30వ తేదీన చార్లెసు రాజునకు శిరచ్ఛేదము జరిగెను. మార్చి మాసమున నూతన ప్రభుత్వము మిల్టనును విదేశవ్యవహారములలో లాటిను లేఖలు వ్రాయు కార్యదర్శిగా నియమించెను.

ఇచ్చటనే ఆతని జీవితమున ముఖ్యమైన ఘట్టము. రాజును చంపిన ఆంగ్లప్రజలను దూషించుచు సాల్మేషియసు అను ప్రఖ్యాత పండితుడు లాటినున ఒక గ్రంథము వ్రాసెను. దానికి సమాధానము వ్రాయవలసినదని ప్రభుత్వము మిల్టనును ఆజ్ఞాపించెను. అప్పటికే ఎడమకన్ను పోయియుండెను. ఈ పని చేసినచో రెండవ కన్నును పోవునని వైద్యులు స్పష్టముగా హెచ్చరించిరి. మిల్టను ఆలోచించి పనినే యెంచుకొనెను. గ్రంథము 1651లో వెలువడి ఐరోపాఖండమంతట కీర్తి తెచ్చెను. 1652 ప్రారంభమునకు చూపు పూర్తిగా పోయెను.

మా యభిప్రాయము నొకటి దాచక చెప్పెదము. ఆ లాటిను గ్రంథమును నేడు చదువువారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. అందు తిట్లు గూడ మెండు. అట్టి గ్రంథమునకై కన్నిచ్చుట తగునా యని ఎవరైన అడిగినచో మేము వెంటనే ఔనని చెప్పజాలము. అయినను ఆ దినమున ఆతనికి కర్తవ్యముగా దోచినదదియే. తరువాతి శతాబ్దములు ఏది చదువునో ఎవరికి దెలియును?

చూపు పోయిన విధమును మిల్టను 1654లో ఫిలారసు అను ఏథెన్సు దేశీయునకు వ్రాసిన లేఖలో విపులముగా వివరించెను. పారిసులోని యొక వైద్యునకు చూపుటకు లక్షణములు వ్రాసి పంపుమని ఆ స్నేహితుడు కోరియుండెను. పదియేండ్లకు ముందు చూపు మందగించుట మొదలయ్యెను. ఉదయమున చదువ గూర్చున్న కన్నులు లోలోపల నొచ్చెడివి. కొంచెము వ్యాయామము చేసిన తగ్గెడివి. దీపము చుట్టు ఇంద్రధనుస్సు వంటి వలయము గనబడెడిది. ఎడమకన్ను ఒకప్రక్కనుండి మంచు గ్రమ్మినట్లు మూసికొనిపోయెను. పరుండి కన్ను మూసినప్పుడు రెప్పల క్రింద వెలుగు జిమ్మెడిది; దినదినమునకు ఆ వెలుగు తగ్గి రంగులు మాసిపోయెను. కడకు మిగిలినది కటిక నలుపు గాదు, బూడిద కలసిన చీకటి. బయటికి మాత్రము కన్నులు నిర్మలముగా, మచ్చ లేకుండ నుండెనట. కావున మన గ్రామములలో వృద్ధులకు వచ్చు శుక్లములు ఇవి కావని తోచుచున్నది. నీటికాసులని కొందరు వైద్యులును, కంటి లోపలి పొర ఊడుటయని కొందరును ఊహించిరి గాని నిర్ణయము లేదు. శుక్లములు నేడు శస్త్రచికిత్సకు లొంగును; నీటికాసులవలన పోయిన చూపు నేటికిని తిరిగి రాదు. దీపము చుట్టు వలయములు గనబడినవారు ఆలసింపక వైద్యునియొద్దకు బోవలెనని మాత్ర మిచ్చట చెప్పి కథకు మరలుదము.

చూపు పోయిన ఆ 1652వ సంవత్సరముననే మే మాసమున భార్య మేరీ మూడవ ఆడుశిశువును ప్రసవించి కొలది దినములలో మరణించెను. మరి కొన్ని వారములకు ఏడాది దాటిన ఒక్కగానొక్క కుమారుడును చనిపోయెను. మిగిలినది ముగ్గురు ఆడుబిడ్డలు, పెద్దది అవిటిది, మాట సరిగ రానిది, చిన్నది పొత్తిళ్లలోనిది. వారి నడుమ దారి తడవుకొను తండ్రి.

దీనికి తోడు విరోధులు ఆతని అంధత్వమును ఆయుధముగా జేసికొనిరి. రాజును చంపుటను సమర్థించిన పాపమునకు దేవుడు విధించిన శిక్ష యిదియని అచ్చువేసి చాటిరి. ఈ మాట మనకు వింత గాదు. కన్ను పోయినవానిని, కాలు పడిపోయినవానిని జూచి ఏ పాపము చేసినాడోయని చాటున చెప్పుకొనువారు మన యూళ్లలోను గలరు. దేవాలయమునకు వచ్చు క్రైస్తవులలోను గలరు. పుట్టుగ్రుడ్డిని జూచి ఎవని పాపము వలన నిట్లయ్యెనని శిష్యులే ప్రభువు నడిగిరని యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయము చెప్పుచున్నది. వాని పాపమును గాదు, వాని తల్లిదండ్రుల పాపమును గాదని ప్రభువు తెలిపెను. మిల్టను 1654లో ప్రకటించిన రెండవ సమర్థన గ్రంథములో ఈ నిందకు జవాబిచ్చెను. తన మనస్సాక్షిని లోతుగా శోధించుకొంటిననియు, ఈ శిక్షకు దగిన ఏ దుష్కృత్యమును కానరాలేదనియు, తన అంధత్వము కంటె విరోధుల పగయను అంధత్వమే యెక్కువ భయంకరమనియు వ్రాసెను. లోకముచే మన్నింపబడిన ప్రాచీన అంధుల పేర్లును ఎత్తిచూపెను. ఇదంతయు బయటి లోకమునకు చెప్పిన సమాధానము. అది ధైర్యముగా నున్నది.

లోపల మాత్రము ఆతడంత సులభముగా శాంతి పొందలేదు. ఆ యేండ్లలో తన అంధత్వమును గూర్చి పదునాలుగు పాదముల చిన్న పద్య మొకటి చెప్పెను. దానికి ఆధారము మత్తయి సువార్త యిరువది యైదవ అధ్యాయములోని తలాంతుల ఉపమానము. ఒక తలాంతు పొందిన దాసుడు దానిని భూమిలో పాతిపెట్టి, యజమానుడు తిరిగి వచ్చి లెక్క యడుగగా శిక్షింపబడెను గదా. మిల్టనును బాధించినది ఈ లెక్కయే. ఆ దాసుడు సోమరి. నేను సోమరిని గాను. పని చేయవలెననియే యున్నది. చేయు పనిముట్టును దేవుడే తీసికొనెను. అట్లయ్యు లెక్క యడుగునా? ఇది భక్తుడడుగరాని ప్రశ్న యని కొందరు తలంతురు. మేమట్లు తలంపము. యోబు అడిగెను, కీర్తనకారులు అడిగిరి. అడిగిన పిమ్మట ఏమి విన్నాడన్నదే చూడవలెను. మిల్టను విన్న జవాబు ఇది. దేవునికి మనుష్యుని చేతిపని కొరత యెన్నడును లేదు. పరుగెత్తి పని చేయు సేవకులు ఆయనకు వేనవేలు గలరు. పిలుపు వచ్చువరకు కాచుకొని యుండువాడును ఆ కొలువులోని వాడే.

ఈ పద్యమును మన పాఠశాలలలో తరచు ఓదార్పుగా మాత్రము చెప్పుదురు. ఇది చెప్పిననాటికి ఆతడు తన మహాకావ్యమును వ్రాయగలుగుదునని యెరుగడన్న సంగతి మరవరాదు. పనికి రానివాడనై మిగిలినను సేవకుడనే యని ఒప్పుకొనుట మొదట జరిగినది. కావ్యము తరువాత వచ్చినది. ఫలితము ముందే తెలిసియున్న యెడల ఆ ఒప్పుకోలునకు వెల యేమున్నది?

అంధుడైనను ఉద్యోగము మానలేదు. సహాయకులు చదివి వినిపింప లేఖలు చెప్పి వ్రాయించెను. 1657లో కవి ఆండ్రూ మార్వెలు ఆతనికి తోడుగా నియమింపబడెను. 1656లో క్యాథరిను వుడ్కాకు అను నామెను రెండవ వివాహమాడెను. ఆమె ముఖము నాతడెన్నడును చూడలేదు. 1658 ఫిబ్రవరిలో ఆమెయు, వెంటనే ఆమె శిశువును మరణించిరి. చనిపోయిన భార్య కలలో కనబడగా చెప్పిన పద్యము ఆంగ్లభాషలో మిక్కిలి కరుణాత్మకమైన వానిలో నొకటి.

1660 మే మాసమున రెండవ చార్లెసు రాజ్యమునకు వచ్చెను. రాజహత్యను సమర్థించినవారిలో పలువురు ఉరికంబమెక్కిరి. మిల్టను ఒక మిత్రుని యింట దాగెను. ఆతని పుస్తకములను తలారిచే తగులబెట్టించిరి. క్షమాపణ శాసనమున మినహాయింపబడినవారి పట్టికలో అదృష్టవశమున ఆతని పేరు చేరలేదు. అయినను శరత్కాలమున పట్టి ఖైదు చేసి డిసెంబరు మాసమున విడిచిరి. చెరసాల ఖర్చుల క్రింద అధికారి 150 పౌండ్లు గుంజబోగా, ఇది అధికమని మార్వెలు పార్లమెంటులో మొరపెట్టెను. ప్రభుత్వమున దాచిన 2000 పౌండ్లు పోయెను. ఆతడు ఇరువదియేండ్లు పాటుపడిన రాజకీయ ధర్మమంతయు కూలెను. కన్ను పోయినప్పటి కంటె ఇది చిన్న దెబ్బ యని మేమనుకొనము.

ఇట్టి స్థితిలో సాగినది "పారడైజ్ లాస్ట్" రచన. ఆదాము హవ్వలు ఏదెను తోటను గోల్పోయిన కథ. పదివేల అయిదువందలకు పైబడిన పాదములు. కలము పట్టకుండ, వ్రాసినది తిరిగి చూచుకొనకుండ, అంతయు మనస్సున గట్టి పలుకవలెను. వేసవిలో నాల్గు గంటలకు, చలికాలమున అయిదు గంటలకు లేచెడివాడు. మొదట హీబ్రూ బైబిలునుండి ఒక భాగము చదివించుకొని వినును. తరువాత కొంతతడవు మౌనముగా ధ్యానించును. పిమ్మట ఎవరు దొరికిన వారిచే వ్రాయించును. శరదృతువు మొదలు వసంతము వరకే కవిత్వము ధారాళముగా వచ్చెడిదట. రాత్రివేళ అల్లిన పాదములు మనస్సున నిండి, తెల్లవారి వ్రాయువాడు ఆలసించినచో, తన్ను పాలు పిదుకవలసినదని పరిహాసమాడెడివాడని ఆ కాలమువారు వ్రాసిరి. పొదుగు నిండిన ఆవు దూడకొరకు అంబాయని యరచుట మా విద్యార్థులలో చూడనివాడు లేడు గనుక ఈ పరిహాసమునకు వేరు వ్యాఖ్య యక్కరలేదు. మధ్యాహ్నము తోటలో నడక, ఆర్గను వాద్యము, సాయంకాలము మిత్రులతో సంభాషణ, తేలిక భోజనము, ఒక పొగగొట్టము, ఒక గ్లాసు నీరు, తొమ్మిదింటికి పడక. ఎండ కాచిన దినమున బూడిదరంగు కోటు తొడిగి వాకిట కూర్చుండెడివాడు.

జనగామ సీమవారికి ఈ సందర్భమున బమ్మెర పోతన స్మరణకు రాక మానడు. పాలకుర్తి సమీపమున ఆ బమ్మెర గ్రామము నేటికిని గలదు. భాగవతమును రాజునకు గాక రామున కంకితము చేసెనని ప్రసిద్ధి గాంచిన ఆ కవియు, ప్రభువుల దయ యుడిగిన దినములలో దేవునికొరకే పాడిన ఈ కవియు వేరువేరు మతములవారు, వేరువేరు కాలములవారు. అయినను కొలువు లేని కవికి గొంతు తగ్గదని ఇద్దరి వలనను తెలియుచున్నది.

ఇంతవరకు పొగడితిమి గనుక, పొగడరానిదియు చెప్పవలెను. మిల్టను పెద్దకుమార్తెకు మాట సరిగ రానందున చిన్నవారిద్దరిచే లాటిను, గ్రీకు, హీబ్రూ, ఇటాలియను గ్రంథములు చదివించుకొనెడివాడు. ఆ లిపులు చదువుటకు మాత్రము నేర్పించెను; అర్థము నేర్పించలేదు. తెలియని భాషలను గంటలకొలది చదువుట ఆ బాలికలకు ఎంత కంటకమో తలచుకొనుడు. వారు విసిగిరి, తండ్రి పుస్తకములను దొంగచాటుగా అమ్మిరని వాడుక గలదు. 1663లో ఆతడు మూడవ వివాహము చేసికొనబోవుచున్నాడని విన్నప్పుడు రెండవ కుమార్తె, పెండ్లి వార్త యేమి వార్త, చావు వార్తయైన వినదగునని యనెనట. మూడవ భార్య యెలిజబెత్తు మిన్షలు వలన ఇల్లు చక్కబడెను. కుమార్తెలు కుట్టుపని నేర్చుకొనుటకు ఇల్లు విడిచిరి. దేవుని న్యాయమును మనుష్యులకు వివరింప బూనిన కవి తన యింటి బిడ్డల యెడ న్యాయము సరిగ తూచలేకపోయెను. ఇంట రోగి యున్నచో సేవ చేయువారికిని ఒక హృదయము గలదని పెద్దలు గమనింపవలసియున్నది.

1665లో లండనున మహామారి వ్యాపింపగా, ఆతనికి లాటిను చదివి వినిపించుచుండిన థామసు ఎల్వుడు అను క్వేకరు యువకుడు చాల్ఫంటు సెయింటు గైల్సు గ్రామమున ఒక చిన్న యిల్లు చూచిపెట్టెను. అక్కడ కావ్యపు వ్రాతప్రతిని మిల్టను ఆతనికి చదువ నిచ్చెను. పరదైసు పోయిన సంగతి చెప్పితిరి, దొరికిన సంగతి యేదియని యువకుడు చనువుగా నడిగెను. మిల్టను బదులు చెప్పక కొంతసేపు మౌనముగా నుండెను. ఆ మౌనమునుండి "పారడైజ్ రీగేయిన్డు" పుట్టెను. 1666లో లండను అగ్నిప్రమాదమున పిత్రార్జితమైన బ్రెడ్ స్ట్రీటు ఇల్లు భస్మమయ్యెను. 1667 ఏప్రిలు 27వ తేదీన ముద్రాపకుడు సామ్యూలు సిమ్మన్సుతో ఒడంబడిక జరిగెను: మహాకావ్యమునకు వెంటనే 5 పౌండ్లు, 1300 ప్రతులు అమ్ముడైన పిమ్మట మరి 5 పౌండ్లు. బ్రతికియుండగా ఆతడు పొందినది ఆ 10 పౌండ్లే.

1671లో "పారడైజ్ రీగేయిన్డు"తో గూడ "సామ్సను" నాటకమును ప్రకటించెను. కన్నులు పెరికివేయబడి, గాజాలో శత్రువుల తిరుగలి విసరుచున్న సమ్సోను కథ న్యాయాధిపతుల గ్రంథమున గలదు. వెలుతురు మధ్యాహ్నమున చీకటిలో నుండు బాధను అందు చెప్పిన తీరు ఇతరుని నోట రాదు. సంధివాతము వలన చేతులు గట్టిపడినను నొప్పుల నడుమ పాడుచుండెడివాడట. కడపటి యేండ్లలో ఆతడు ఏ సంఘమునకును ఆరాధనకు బోయినట్లు లేదు; త్రిత్వమును గూర్చి ఆతని యభిప్రాయములు మన సంఘముల బోధకు భిన్నమైనవని 1823లో బయల్పడిన లాటిను గ్రంథము వలన తెలిసినది. ఈ విషయమున మేమాతని వెంట నడువము; అయినను దాచుట ధర్మము గాదు. 1674 నవంబరు మాసమున, ప్రక్కనున్నవారికి దెలియనంత నెమ్మదిగా ప్రాణము విడిచెను. సెయింటు గైల్సు క్రిపిల్గేటు దేవాలయమున తండ్రి సమాధి ప్రక్కన పాతిపెట్టిరి. 1680లో వితంతువు కావ్యముపై మిగిలిన హక్కును 8 పౌండ్లకు విడిచెను.

చిన్నకుమార్తె డెబోరా, తల్లి ప్రాణము తీసి పుట్టినదని చెప్పుకొనబడిన ఆ బిడ్డ, ఒక సాలెవానిని వివాహమాడి లండనులోని సాలెవాడలో బీదతనమున జీవించెను. ముసలితనమున ఆమెను చూడ బోయిన పండితులు తండ్రి చిత్రపటమును చూపగా ఆమె గుర్తించి ఉబ్బితబ్బిబ్బయ్యెను. చిన్ననాడు అర్థము తెలియక చదివి వినిపించిన హోమరు, ఓవిదు కావ్యముల పాదములను, 1727లో మరణించుటకు ముందు వరకును, ఆమె అడిగినవారికి తప్పు లేకుండ వల్లించెడిది.